గది చల్లగానే ఉంది

కామారెడ్డి,
మే నెల, ఆదివారం.

చిరంజీవి నరేందర్‌కు అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టడం మన ఇళ్లలో ఆచారం కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. కానీ ఉత్తరం చివరిదాకా చదివాక ఈ వాక్యం దగ్గరికి మళ్లీ ఒకసారి వచ్చిపో. ఇందులో ఎంత నమ్మాలో అప్పుడు నీకే తెలుస్తుంది.

దివాకర్ నిన్న గాంధారి నుంచి వచ్చి నీ ఉత్తరం, ఖర్జూరాలు, ఆ అట్టపెట్టె ఇచ్చి వెళ్లాడు. బుధవారం మళ్లీ నీ దగ్గరికి, దోహా బయలుదేరుతాడట. జవాబు అతని చేతికే ఇస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లకు ఉత్తరాలెందుకని మీ బావ నవ్వుతాడు. ఫోన్లో నేను ఒకదానికి సగం జవాబు చెప్పేలోపు నువ్వు ఇంకోటి అడుగుతావు. నీకు అన్నం తినిపించిన రోజుల నుంచీ అంతే, ముద్ద నోట్లో ఉండగానే మాట. కాగితం మీదైతే నువ్వు నాకు అడ్డం రాలేవు.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. మామిడికాయ తొక్కు పెట్టాను, ఒక సీసా దివాకర్‌తో పంపుతున్నాను. కారం ఎక్కువైందని ఫోన్ చేసి నన్ను తిట్టకు, ఈసారి మిరపకాయే అలా ఉంది. మీ బావ మోకాలు కొంచెం నయం. మా అంగన్‌వాడీ పొద్దున పూటే నడుస్తోంది, ఎండకు పిల్లలు ఎక్కువమంది రావడం లేదు. కడుపుతో ఉన్నవాళ్లను ఎండ పూట బయటికి రావద్దని, మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడవద్దని, నీళ్లు తాగుతూ ఉండాలని చెప్పి పంపుతున్నాను. వాళ్లు తలూపుతారు. నా మాట వినే ఆడవాళ్లు ఊరంతా ఉన్నారు, నా మరదలు నిహారిక తప్ప.

ఇంకో ప్రశ్న కూడా అడిగావు. బయట అగ్గి కురుస్తుంటే, యంత్రాలు నడిచినన్నాళ్లూ ఆ గది అంత చల్లగా ఎలా ఉంది, ఘనీ భాయి ఏమైనా కొత్త ఏసీ పెట్టాడా అని. దానికి జవాబుంది. కొంచెం ఆగు.

గది చల్లగా ఉంటోంది కాబట్టి పెట్టెలో పంపిన, లెక్కలు చేసే కొత్త కార్డులు కూడా యంత్రాలకు బిగించాలని రాశావు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చగానే నిహారికను ఎల్లారెడ్డికి పంపమని, ఆ పని ఆమెకు తప్ప ఎవరికీ రాదని, పుట్టింటికి పోవడానికి ఇంకా టైముందని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం మడిచి పక్కన పెట్టి, చాయ్ పెట్టుకుని తాగి, మళ్లీ తీశాను.

తమ్ముడూ, ఇప్పుడు రాసేవి చాలావరకు నీకు తెలిసినవే. విసుక్కోకు. నీకు అవి ఫోన్ తెర మీద అంకెలుగా తెలుసు. నాకు ఒంటి మీద చెమటగా తెలుసు.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు ఎల్లారెడ్డి ఇంట్లో ముందు గదిలో ఆ కంప్యూటర్ యంత్రాలు వరసగా పేర్చి, హైదరాబాద్‌లో ఎవరో కంపెనీవాళ్లు తమ లెక్కలు వీటితో చేయించుకుంటారని చెప్పావు. మేడ మీద పెడితే ఎండకు కాలుతుందని కిందే పెట్టావు. ఆరోజు చాయ్ తాగుతూ నేనే అడిగాను, ఇన్నెందుకురా, ఒక్కటే పెద్దది తెచ్చి జోరుగా నడిపించరాదా అని.

"ఒక్క చిప్పు ఎంతంటే అంత ఉరకది అక్కా," అన్నావు. "దాని ఉరుకుడు ఇరవై ఏండ్ల సంది దగ్గర దగ్గర ఆడనే ఉన్నది. ఇంకింత ఉరికిస్తే పని జరంతనే పెరుగుతది, వేడి మాత్రం మస్తు పెరుగుతది. గా వేడిని తీసే ఉపాయం లేక పెద్ద పెద్ద కంపెనీలే ఆగిపోయినయ్. అందుకే ఒక్కదాన్ని ఉరికిచ్చే కాడ పదింటిని నడిపిస్తున్నరు."

"మరి నువ్వు?"

"నేను రూము సల్లగ ఉంచి, జర ఉరికిస్త."

పిండి కొద్దీ రొట్టె అంటారు, గుర్తు పెట్టుకో అన్నాను. నవ్వావు. నువ్వు పనిచేసే చోట చల్లటి నీళ్ల పైపులు మనిషి నడుమంత లావుంటాయని, యంత్రాల పక్కన నిలబడితే చలికి వణుకొస్తుందని చెప్పావు. ఆ చలిని కళ్లలో పెట్టుకుని ఎల్లారెడ్డిలో ఇల్లు కట్టినట్టున్నావు.

కోతుల సంగతి కూడా నీకు తెలుసు. ఎల్లారెడ్డిలో మన వీధిలో జాలీ కొట్టించని ఇల్లు లేదు. పక్కింటి భూమక్క ఇంటి మీద ఏసీ డబ్బా వైర్లు కోతులు పీకేశాయని, నువ్వు మన రెండు ఏసీల బయటి డబ్బాలను బయట పెట్టనివ్వలేదు. జాలీ బిగించి, పైన రేకులు కప్పిన నడవలోనే పెట్టించావు. బిగించడానికి వచ్చిన ఘనీ భాయి ఆరోజే అన్నాడు, నేనూ విన్నాను.

"ఏసీ సల్లదనం పుట్టియ్యదు నరేందర్. రూముల ఉన్న వేడిని తీసి అవతల పారేస్తది. అవతల అంటే నడవనా? ఆ వేడి యాడికి పోతది, ఇంట్లనే తిరుగుతది."

చలికాలం కదా, ఎవరికీ పట్టలేదు. పైగా ఆ నడవలో వెచ్చగా ఉందని పిల్లి వచ్చి పడుకునేది. నిహారిక పడకగది తలుపు ఆ నడవలోకే తెరుచుకుంటుందని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

ఉగాది దాటాక ఇల్లు మారిపోయింది. పొద్దున కాచిన పాలు పదింటికల్లా విరిగిపోయేవి. నిహారిక కుండీలో పెంచిన పుదీనా గడ్డిలా ఎండింది. పిల్లి రావడం మానేసింది. ఒకరోజు ఏసీ డబ్బా వెనక ఊడుస్తుంటే బల్లి దొరికింది. చచ్చి కుళ్లలేదు, చేతితో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. నిహారిక దాన్ని కాగితంలో చుట్టి బయట పారేసి, చేతులు కడుక్కుని, "వదినా, ఈ ఇంట్ల బతికేటివి ఒక్కటొక్కటే పోతున్నయ్" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

పడకగదిలో గడ్డి కూలర్ పెట్టాం. కూలర్ పనిచేయాలంటే కిటికీ తెరిచి ఉండాలి, తెరిస్తే కోతులు. మూసి నడిపితే గది చల్లబడకపోగా తడిసిన గోనెసంచిలో కూర్చున్నట్టుండేది. ఆమె పొట్ట మీద చేయి వేసుకుని, గోడకు ఆనుకుని, నోటితో ఊపిరి తీసుకునేది.

ఏడో నెల రాగానే ఆమె అమ్మానాన్నలు భిక్నూర్ నుంచి కారు మాట్లాడుకుని వచ్చారు. చీర, గాజులు, పండ్లు, ఒడిబియ్యం తెచ్చారు. మొదటి కాన్పుకు ఏడో నెలలో బిడ్డను తోలుకుపోవడం ఎవరూ అడగవలసిన పని కాదు. ఆరోజే నీ ఫోన్ వచ్చింది. కంపెనీవాళ్ల పెద్ద పని ఉంది, ఒక యంత్రం ఆగితే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఎవరూ లేరు, ఇంకొక్క నెల ఆగమన్నావు. మీ మామ తెచ్చిన చీర బిడ్డ చేతిలో పెట్టి, ఇంట్లోంచి బయటికి వచ్చి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, "ఇంట్ల కన్నా ఎండల్నే నయమున్నది బిడ్డా" అని నాతో అన్నాడు. ఖాళీ కారుతో వెళ్లిపోయారు. నాకు సిగ్గేసింది. నీ తరఫున నేను తలదించుకోవలసి వచ్చింది, అది కూడా రాసి పెడుతున్నాను.

ఇక ఇప్పుడు నీకు చెప్పని సంగతి.

ఎల్లారెడ్డిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు. కాలిందని నీకు చెప్పింది నేను.

ఆరోజు మధ్యాహ్నం ఒక యంత్రం ఆగిపోయిందని నీ దగ్గర్నుంచి ఫోన్ వస్తే, నిహారిక తిండి మధ్యలో లేచి ఆ గదిలోకి వెళ్లింది. యంత్రాన్ని మళ్లీ నడిపించి, తలుపు దాకా వచ్చి, గడప మీద కూర్చుంది. అక్కడి నుంచి లేవలేదు. భూమక్క బీడీలు చుట్టే చాట పట్టుకుని మన ఇంట్లో కూర్చుందామని వచ్చింది కాబట్టి చూసింది. లేకపోతే ఎవరు చూసేవారో నాకు తెలియదు. నాకు ఫోన్ చేసింది.

"ఉమక్కా, జల్ది రా. పిల్ల గడప కాడ కూలవడ్డది. పిలిస్తే పలుకుతలేదు. ఒళ్లు పెంక లెక్క కాలుతున్నది."

మీ బావ, నేను కారు మాట్లాడుకుని పోయాం. నేను ఆ ఇంట్లోకి అడుగుపెడితే ముఖం మీద ఆవిరి కొట్టినట్టయింది. భూమక్క ఆమెను వాకిట్లోకి లాగి, తడిచీర కప్పి, విసనకర్రతో విసురుతోంది. లోపల యంత్రాల ఫ్యాన్లు ఒకటే మోత. గోడకున్న ప్లగ్గు దగ్గర సున్నం గోధుమరంగుకు తిరిగింది, ప్లాస్టిక్ మాడిన వాసన. నేను మెయిన్ ఆపేశాను. మోత ఆగింది. గోడ మీద చేయి పెట్టి చూస్తే ఇంకా కాలుతూనే ఉంది.

కామారెడ్డిలో డాక్టరమ్మ చూసి నన్ను అడిగిన మొదటి మాట, "మీ ఇంట్ల ఏమన్న బట్టీ ఉన్నదా?" అని. జ్వరం కాదట, ఒళ్లే ఉడికిందట. ఉమ్మనీరు తగ్గింది. బిడ్డ గుండె పరుగెడుతోంది. కడుపులో బిడ్డ తన వేడిని తానుగా బయటికి పంపుకోలేదట తమ్ముడూ. తల్లి ఒంట్లోంచే పోవాలట. తల్లే కాలుతుంటే ఎక్కడికి పోతుంది? ఘనీ భాయి నడవలో నిలబడి అడిగిన ప్రశ్నే ఆమె కూడా అడిగింది.

ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంటుంది. బిడ్డ గుండె కొంచెం నెమ్మదించింది. కానీ బిడ్డ మునుపటిలా కదలడం లేదు. రోజూ అన్నం తిన్నాక చేయి పెట్టుకుని ఎదురుచూస్తుంది. ఒక్కోసారి త్వరగానే కదులుతుంది. ఒక్కోసారి మేమిద్దరం మాటలు ఆపేసి చాలాసేపు కూర్చుంటాం. బాగైతుందా అని డాక్టరమ్మను అడిగితే, "జూద్దాం" అంటుంది. నాకు ఆ మాటంటే భయం. నేను కూడా అంగన్‌వాడీలో తల్లులతో అదే మాట అంటాను, ఎప్పుడు అంటానో నాకు తెలుసు.

"ఆయనకు చెప్పకు వదినా," అంది నిహారిక. "గాడ ఒక్కడే ఉన్నడు, పరేషాన్ అయితడు. కరెంటు లేదని నీ దగ్గరికి వచ్చిన్నని చెప్పు." సరే అన్నాను. ఆమె మాట కోసమే ఒప్పుకున్నానని నీకు చెప్పవచ్చు. కానీ నేను ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

ఆ గదిలో వేలాడదీసిన చిన్న తెల్ల డబ్బా ఉంది కదా, గది ఎంత వేడిగా ఉందో నీ ఫోన్‌కు చెప్పేది. అంకె ముప్పై రెండు దాటితే నీ ఫోన్ మోగేది, నీ ఫోన్ మోగితే నిహారిక ఫోన్ మోగేది. తలుపు వేశావా, ఫిల్టర్ కడిగావా, ఎందుకు ఎక్కుతోంది అని. ఏప్రిల్‌లో నేను అక్కడ ఉన్నప్పుడు ఒకరోజు ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని, ఒక చేత్తో ఫిల్టర్ కడుగుతూ ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండింది. నీ మీదే మండింది. ఆమె నిద్రపోయాక ఆ డబ్బాను తీసి, వంటింటి మూలన ఉన్న మంచినీళ్ల మట్టికుండ, ఆ రంజన్ మెడకు వేలాడదీసి, రంజన్‌కు చుట్టిన తడిబట్టను దాని మీదికి లాగాను. అంకె జారింది. నీ ఫోన్లు ఆగాయి. పిల్ల ఆరోజు కడుపునిండా నిద్రపోయింది. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను. ఆమెకు కూడా చెప్పలేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. గది చల్లగా ఉందని తెలిస్తే యంత్రాలు వాటంతటవే జోరు పెంచుకునేలా నువ్వు రాసి పెట్టావని నాకు తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నా ముఖం చూసి నిహారికే అడిగింది, చెప్పేశాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకు పాఠం చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నువ్వు రంజన్ సల్లదనం చూపిస్తే, మిషిన్లు అది తమ సల్లదనమే అనుకున్నయ్ వదినా. ఇంకింత కరెంటు గుంజుకున్నయ్. కానీ చిప్పు మరీ వేడైతే దానంతటదే మెల్లగైతది, కాలిపోకుంట. గందుకే ఆయనకు పని ఏం పెరగలే. పెరిగింది వేడి ఒక్కటే. అదంత నడవలకొచ్చింది."

చిప్పుకు ఆ ఏర్పాటు ఉందట. మనుషులకు లేదు. గోడలోని వైరుకు లేదు, బల్లికి లేదు, కడుపులో బిడ్డకు లేదు.

కాబట్టి నీ చల్లటి గది వంటింటి మూలనున్న మట్టికుండ. అలా జరిగినదాంట్లో నీ పాలు నీది, నా పాలు నాది. నాది ఎంతో రోజూ నా మరదలి పొట్ట మీద చేయి పెట్టి కొలుచుకుంటున్నాను. నీది నువ్వు కొలుచుకో.

అట్టపెట్టె విప్పలేదు, దివాకర్ చేతికే తిరిగి ఇస్తున్నాను. నిహారిక ఎల్లారెడ్డికి పోదు. డాక్టరమ్మ ప్రయాణం చేయవచ్చు అన్న రోజున భిక్నూర్ పోతుంది, ఆలోపు నా ఇంట్లోనే ఉంటుంది. ఇది నిన్ను అడిగి రాస్తున్న మాట కాదు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆమె గది వేడెక్కకుండా చూసుకోమని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ఆ తెల్ల డబ్బానే గుర్తొచ్చింది. మీ బావను ఎల్లారెడ్డి పంపి దాన్నీ, దానికి నెట్ ఇచ్చే బ్యాటరీ డబ్బానూ తెప్పించాను. ఇప్పుడది నిహారిక తలాపున మేకుకు వేలాడుతోంది. ఈసారి తడిబట్ట లేదు. కరెంటు లేకున్నా నీ ఫోన్‌కు అంకె వస్తూనే ఉంది కాబట్టి, అది ఇన్వర్టర్ మీద నడుస్తోందని నువ్వు అనుకుని ఉంటావు. వారం నుంచి నువ్వు చూసి మురిసిపోతున్నది మా పడకగది చల్లదనం.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. ఇప్పుడు మధ్యాహ్నం. ఇంతలో మా వీధిలో నిజంగానే కరెంటు పోయింది. కూలర్ ఆగింది. కిటికీలు తెరిచాను, వేడిగాలి తప్ప ఏమీ రాలేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, రోహిణి కార్తె ఇంకా రానేలేదు. నేను విసురుతూ ఉండగానే నీ ఫోన్ వచ్చింది. ఏం మాట్లాడావో నీకు గుర్తుండకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

"అక్కా, ఎల్లారెడ్డిల కరెంటొచ్చినట్టున్నది."

"ఎవరు చెప్పిన్రు?"

"రూము వేడెక్కుతున్నది కదా. ముప్పై మూడు చూపిస్తున్నది, ఇంక ఎక్కుతున్నది. మిషిన్లు నడుస్తున్నట్టే." ఎన్ని రోజులైందో నీ గొంతులో ఆ సంబరం విని. "మిషిన్లు ఆన్‌లైన్ల మాత్రం కనిపిస్తలేవు. నిహారికను రేపే తోలియ్యి అక్కా, పోయి ఒక్కసారి చూస్తది."

ఫోన్ నా చెవి దగ్గరే ఉన్నా నీ మాట ఆ గదంతా వినిపిస్తుంది, అంత గట్టిగా మాట్లాడతావు. నిహారిక కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల చివర నుంచి నీళ్లు చెవిలోకి జారాయి. ఆమె వింటుండగా నీకు చెప్పదలచుకోలేదు. ఉత్తరం రాస్తున్న తమ్మీ, చదువు అని పెట్టేశాను.

ఆ వేడి నీ యంత్రాలది కాదు నరేందర్. నీ భార్య పడుకున్న గదిది. ఇప్పుడు ముప్పై నాలుగు. అన్నం తిని చాలాసేపైంది, బిడ్డ ఇంకా కదలలేదు. మీ బావ ఆసుపత్రికి కారు మాట్లాడడానికి బజారుకు పోయాడు. నేను రంజన్ నీళ్లలో బట్ట తడిపి తెచ్చాను. ఆమె నుదుటి మీద వేస్తున్నాను, అంకె మాత్రం ఎక్కుతూనే ఉంది.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన చేత్తోనే నిజం రాస్తున్న
నీ అక్క,
ఉమారాణి